డిసెంబరులో అమ్మానాన్నలతో జోర్డాన్: ఎత్తును బట్టి ప్లాన్ వేసుకోండి

మీరు అడిగింది ఇదీ: డిసెంబరు చివరి వారం నుంచి జనవరి మొదటి వారం దాకా ఎనిమిది రోజులు జోర్డాన్ వెళ్లాలి. అమ్మకు 63 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. నాన్నకు షుగర్. అమ్మకు నెబో కొండ, యొర్దాను నది చూడాలని ఎప్పటి నుంచో కోరిక. మీకేమో కొండరాళ్లలో చెక్కిన పాత నగరం పెట్రా, ఎడారిలో ఒక రాత్రి కావాలి. ఎడారి దేశమే కాబట్టి చలికాలంలో హాయిగా ఉంటుందని, ఒక్కో స్వెటర్ సరిపోతుందని మీ టూర్ ఏజెంటు చెప్పాడన్నారు.

నిరభ్యంతరంగా వెళ్లండి. స్వెటర్ మాట మాత్రం నమ్మకండి. దక్షిణ జోర్డాన్‌లో ఎషిదియా దగ్గర ఫాస్ఫేట్ పరిశ్రమలో కొన్నేళ్లు ఉద్యోగం చేశాను. (మన రైతులు వేసే డీఏపీలో ఆ నేల నుంచి వచ్చిన ఫాస్ఫేట్ కూడా ఉంటుంది.) మన వైపు నుంచి వచ్చే చుట్టాలను, స్నేహితులను చలికాలంలో చాలాసార్లు తిప్పాను. వాళ్లలో ఎక్కువ మంది ఎండకు సిద్ధమై వచ్చి చలికి ఇబ్బంది పడ్డవాళ్లే.

జోర్డాన్‌లో చలికాలం ఊరికో రకం, ఎంత ఎత్తులో ఉన్నామన్నదాన్ని బట్టి మారిపోతుంది. అమ్మాన్ దాదాపు 800 నుంచి వెయ్యి మీటర్ల ఎత్తున కొండల మీద ఉంది. జనవరిలో పగలు 12 డిగ్రీలు, రాత్రి 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి కారులో గంట కూడా పట్టకుండా మృత సముద్రానికి దిగిపోతారు. అది సముద్ర మట్టానికి 430 మీటర్లకు పైగా దిగువన ఉంది. అక్కడ అదే రోజు మధ్యాహ్నం 20 డిగ్రీలు ఉంటుంది, కోటు విప్పి చేత పట్టుకుంటారు. పెట్రా మళ్లీ పైనే, రాత్రి సున్నా దగ్గరికి పోతుంది. వాదీ రమ్ ఎడారిలో పగలు ఎండ బాగుంటుంది, పొద్దు వాలిందంటే వణుకే. ఎర్ర సముద్రం ఒడ్డున ఉన్న అకాబాలో మాత్రం మన డిసెంబరు లాంటి వాతావరణమే. అందుకే దేశాన్ని ఉత్తరం, దక్షిణం అని కాకుండా పైన, కింద అని చూడండి. ఆకాశం తేటగా ఉన్న రోజున పైకి వెళ్లాలి, వాన, మబ్బు ఉన్న రోజున కిందికి దిగాలి. హోటళ్లు కూడా ఆ వీలు ఉండేలా, ముందు రోజు దాకా ఉచితంగా రద్దు చేసుకోగలిగేవే బుక్ చేసుకోండి. నా సలహాలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

రాగానే అమ్మాన్‌లో దిగి రెండు రోజులు గడపమని చాలామంది చెబుతారు. పెద్దవాళ్లతో అయితే నేను మాదబా ఊళ్లో ఉండమంటాను. బైబిల్లో మేదెబా అని వచ్చేది ఈ ఊరే. క్వీన్ అలియా విమానాశ్రయం నుంచి అరగంట దారి. నెబో కొండ అక్కడి నుంచి పది కిలోమీటర్ల లోపే. యొర్దాను దగ్గర యేసు బాప్తిస్మం పొందాడని చెప్పే స్థలం కూడా గంటలోపు ప్రయాణం. అమ్మాన్ ట్రాఫిక్, ఎత్తుపల్లాల వీధులు అమ్మ మోకాళ్లకు ఎందుకు చెప్పండి.

మాదబాలో సెయింట్ జార్జ్ చర్చి నేల మీద ఒక పటం ఉంది. ఆరో శతాబ్దంలో రంగురాళ్ల ముక్కలు పేర్చి చేసిన పటం. పరిశుద్ధ దేశానికి సంబంధించి ఇప్పటిదాకా మిగిలిన పటాల్లో ఇదే అతి పాతది. చర్చిలోకి వెళ్లగానే అందరూ యెరూషలేము ఎక్కడుందో వెతుకుతారు, కోడిగుడ్డు ఆకారంలో గోడలతో తేలిగ్గానే కనబడుతుంది. మీరు ఇంకాస్త వంగి యొర్దాను నది మృత సముద్రంలో కలిసే చోటు చూడండి. నదిలో చిన్న చేపలు ఉంటాయి. వాటిలో ఒకటి ఉప్పు నీళ్ల దగ్గరి దాకా వచ్చి వెనక్కి తిరిగి, ప్రవాహానికి ఎదురీదుతూ ఉంటుంది. ఆ సముద్రంలో చేప బతకదని చెప్పడానికి ఆ పనివాడు పద్నాలుగు వందల ఏళ్ల కిందట చేసిన పని అది. నన్నడిగితే దానికోసమైనా మాదబా వెళ్లాలి.

నెబో కొండకు ఉదయమే వెళ్లండి, అదీ వాన వెలిసిన మర్నాడైతే మరీ మంచిది. మోషే వాగ్దాన దేశాన్ని దూరం నుంచి చూసి కన్నుమూసిన చోటు ఇదేనని ద్వితీయోపదేశకాండం 34వ అధ్యాయం చెబుతుంది. వేసవిలో వెళ్లినవాళ్లకు లోయంతా దుమ్ము తెరలా కనబడుతుంది. చలికాలంలో వాన ఆ దుమ్మును కడిగేస్తుంది. మృత సముద్రం, యొర్దాను లోయ, యెరికో స్పష్టంగా కనబడతాయి. బాగా తేటగా ఉన్న రోజున యెరూషలేము కొండలు కూడా ఆనతాయి. చలికాలంలో రావడానికి నా లెక్కలో ఇదే పెద్ద కారణం. గాలి మాత్రం కోసేస్తుంది. అమ్మకు మంకీ క్యాప్, చెవులకు మఫ్లర్ ఉండాల్సిందే. లోపల చర్చిలో క్రీ.శ. 531 నాటి మొజాయిక్ ఉంది, వేటగాళ్లు, గొర్రెల కాపరులు, జంతువులు ఉంటాయి. బయట గాలికి తట్టుకోలేనప్పుడు లోపలికొచ్చి తీరిగ్గా చూడొచ్చు.

బాప్తిస్మ స్థలాన్ని అక్కడ అల్ మఘ్తస్ అంటారు. 2015లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1994లో ఇజ్రాయెల్‌తో శాంతి ఒప్పందం కుదిరాక, మందుపాతరలు తీసేశాక గానీ తవ్వకాలు మొదలుకాలేదు. సొంత కారు లోపలికి పోనివ్వరు, వాళ్ల వాహనంలో గైడుతో తీసుకెళ్తారు, కొంత దూరం చదునైన దారిలో నడవాలి. ఏలీయా అగ్నిరథంలో వెళ్లాడని చెప్పే దిబ్బ కూడా ఆ ప్రాంతంలోనే ఉంది.

అమ్మకు ముందే ఒక మాట చెప్పి తీసుకెళ్లండి. యొర్దాను అంటే ఆవిడ మనసులో పెద్ద నది ఉంటుంది. కృష్ణను ప్రకాశం బరాజ్ మీది నుంచి చూసిన కళ్లకు ఇది పంట కాలువలా కనబడుతుంది. పైనున్న దేశాలు నీళ్లు మళ్లించుకోవడంతో పూర్వపు ప్రవాహంలో 90 శాతానికి పైగా పోయింది. మిగిలింది బురద రంగు నీళ్లు, రెల్లు పొదలు, కొన్ని మీటర్ల వెడల్పు. నది మధ్యలోనే సరిహద్దు. అవతలి ఒడ్డున తెల్లంగీల వాళ్లు మునుగుతూ పాటలు పాడుతుంటే వాళ్ల మాటలు కూడా వినబడతాయి. ఈ సంగతి తెలిసి వెళ్తే మనసు నిరాశ పడదు. నా స్నేహితుడి తల్లి ఆ చెక్క మెట్ల మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టి, మా గైడు రెండుసార్లు పిలిచినా లేవలేదు. మీ అమ్మకూ అంత సమయం దొరికేలా, ఆ రోజు మరేమీ పెట్టుకోకండి. జనవరిలో ప్రభువు బాప్తిస్మ పండుగకు అక్కడ రకరకాల చర్చిల వాళ్లు ఆరాధనలు జరుపుతారు, మీ తేదీలు కలిస్తే అదృష్టమే. నీళ్లు సీసాలో పట్టుకెళ్తామంటే పట్టుకోండి, మూత మీద టేపు చుట్టి చెక్ఇన్ లగేజీలో పెట్టాలి. ఆ నీళ్లు తాగడానికి పనికిరావు, చంటిపిల్లల నోట్లో చుక్క వేయడం లాంటివి వద్దని ఇంట్లో ముందే చెప్పండి.

అక్కడి నుంచి మృత సముద్రం పక్కనే, ఆ రాత్రి అక్కడే ఉండిపోండి. ఇది మీ ప్రయాణంలో వెచ్చటి మజిలీ. నీళ్లలో ఉప్పు 34 శాతం దాకా ఉంటుంది. మామూలు సముద్రంలో ఉండేది మూడున్నర శాతమే. మునగడం భయం కాదు, పైకి లేవడమే కష్టం. మోకాలి లోతుకు వెళ్లాక మెల్లగా వెనక్కి వాలితే చాలు, కాళ్లు వాటంతట అవే తేలిపోతాయి. లేవాలంటే మోకాళ్లు ఛాతీ దగ్గరికి ముడిచి, చేతులతో నీళ్లను కిందికి నొక్కితే పాదాలు నేలకు ఆనతాయి. అమ్మకు మొదటిసారి మీరు పక్కనే ఉండి చెయ్యి పట్టుకోండి. బోర్లా పడుకోకూడదు. కళ్లలో చుక్క పడితే మంట భరించలేరు, చేతిలో మంచినీళ్ల సీసా ఉండాలి. ముందు రోజు గడ్డం గీసుకోవద్దు. పదిహేను నిమిషాలకు మించి ఉండొద్దు. నాన్నగారి పాదాలకు పగుళ్లు, పుండ్లు ఉన్నాయేమో చూశాకే దింపండి, అడుగున ఉప్పు గడ్డలు గాజు పెంకుల్లా గుచ్చుకుంటాయి కాబట్టి రబ్బరు చెప్పులు తప్పనిసరి. బీపీ ఉంటే డాక్టరును అడిగే దిగాలి.

ఇప్పుడు అసలు జాగ్రత్త. ఎడారిలో చలికాలంలో భయపడాల్సింది నీళ్లకు. అక్కడి కొండలు ఒట్టి రాయి, నేల గట్టిగా ఉంటుంది, వాన నీరు ఇంకదు. ఎక్కడో పది ఇరవై కిలోమీటర్ల అవతల కురిసిన వాన వాగులన్నీ కలుపుకుని సన్నటి లోయలోకి ఒక్కసారిగా వస్తుంది. మీ నెత్తిన చినుకు కూడా పడకపోవచ్చు. 2018 అక్టోబరులో మృత సముద్రం దగ్గరి వాగులో ఇలాగే వరద వచ్చి 21 మంది పోయారు, వాళ్లలో ఎక్కువ మంది విహారయాత్రకు వచ్చిన స్కూలు పిల్లలు. మర్నెలలోనే మళ్లీ వరదలు వస్తే పెట్రా నుంచి వేలమంది పర్యాటకులను ఖాళీ చేయించారు. వాదీ ముజిబ్ అనే ఇరుకు లోయలో నీళ్లలో నడిచే దారిని ఈ కారణంగానే చలికాలమంతా మూసేస్తారు. ఎవరైనా ప్రైవేటుగా తీసుకెళ్తామంటే ఒప్పుకోకండి.

పెట్రా కూడా ఒక వాగు దారే. లోపలికి వెళ్లే సిఖ్ అనే ఇరుకు కనుమ 1.2 కిలోమీటర్ల పొడవు. కొన్ని చోట్ల రెండు చేతులు చాపిన మనుషులు ఇద్దరు నిలబడితే నిండిపోతుంది. ఆ ఊరు కట్టిన నబతీయులకు ఈ ప్రమాదం బాగా తెలుసు. సిఖ్ మొదట్లోనే అడ్డుకట్ట కట్టి, కొండను తొలిచి 88 మీటర్ల సొరంగం గుండా వరదను పక్కకు మళ్లించారు. తాగునీటికి కనుమ గోడ వెంబడి రాతి కాలువ చెక్కారు, నడుస్తూ చేయి పెట్టి తడమొచ్చు. కాలక్రమంలో ఆ కట్ట పోయింది. 1963లో వరద వచ్చి సిఖ్‌లో ఉన్న ఫ్రెంచి యాత్రికులు ఇరవైమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాతే ఆ పాత చోటనే మళ్లీ కట్ట కట్టారు. రెండు వేల ఏళ్ల నాటి ఆ ఇంజినీరింగును ఇప్పటికీ వాడుతున్నారంటే ఆ మనుషుల మీద నాకు అపారమైన గౌరవం. సిఖ్ దాటగానే కొండలో చెక్కిన ఖజానా అనే కట్టడం ముందు అందరూ ఫోటోలు దిగుతారు, నేనైతే ఎవరిని తీసుకెళ్లినా ముందు ఆ సొరంగం చూపిస్తాను. గేటు దాటి సిఖ్‌లోకి అడుగు పెట్టబోయే ముందు కుడివైపు ఉంటుంది.

కాబట్టి పెట్రాకు రెండు రాత్రులు పెట్టుకోండి, వాన సూచన ఉంటే ఆ రోజును అకాబాతో మార్చుకోండి. ప్రమాదం ఉందనుకుంటే అధికారులే స్థలం మూసేస్తారు, వాళ్లతో వాదన పెట్టుకోవద్దు. వానలేని రోజైతే చలికాలం పెట్రా ఎంతో హాయి, జనం తక్కువ, ఎండ కొట్టదు. విజిటర్ సెంటర్ నుంచి ఖజానా దాకా బ్యాటరీ బండ్లు నడుపుతున్నారు, అమ్మను అందులో పంపండి. వెళ్లేటప్పుడు పల్లం కాబట్టి తేలిగ్గా అనిపిస్తుంది, వచ్చేటప్పుడు అదంతా ఎత్తు, తిరుగు బండి కూడా ముందే మాట్లాడుకోండి. పెట్రా లోపల కొండ పైనున్న మఠానికి 800కు పైగా మెట్లు. తడిసిన ఇసుకరాయి జారుతుంది. గాడిద మీద ఎక్కిస్తామని వెంటపడతారు. ఆ మెట్ల మీద అది జంతువుకీ బాధ, మనిషికీ ప్రమాదం, వద్దు. మీరు వెళ్లొచ్చేదాకా అమ్మానాన్నలను ఖజానా దగ్గరి టీ కొట్టులో కూర్చోబెట్టండి. మర్నాడు లిటిల్ పెట్రాకు అందరూ వెళ్లొచ్చు, అది చిన్నది, దాదాపు చదును, టికెట్ లేదు.

పెట్రాకు వెళ్లే దారి విషయంలో టూర్ ఏజెంటు కింగ్స్ హైవే అంటే, డిసెంబరు జనవరుల్లో వద్దని చెప్పండి. దారి అందమైనదే, కరక్ కోట, షోబక్ కోట దానిమీదే. కానీ తఫీలా, షోబక్ దగ్గర బాగా ఎత్తు, పొగమంచు కమ్మితే ముందున్న బండి కనబడదు. మంచు ఎక్కువగా జనవరి, ఫిబ్రవరుల్లోనే పడుతుంది గానీ, 2013 డిసెంబరులో పడిన మంచుకు అమ్మాన్ నగరమే స్తంభించిపోయింది. డెజర్ట్ హైవేలో మూడు గంటల్లో పెట్రా చేరతారు. చూడ్డానికి ఏమీ ఉండదు, అయినా అదే క్షేమం. మీరే కారు నడుపుతారేమో అడగలేదు. అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి, చలికాలం, కొత్త దారులు, పెద్దవాళ్లు, అన్నీ కలిపి చూస్తే డ్రైవరుతో బండి మాట్లాడుకోవడమే నయం.

వాదీ రమ్‌లో రాత్రి ఉండాలా వద్దా అన్నది అమ్మానాన్నలను చూసి నిర్ణయించుకోండి. పగలు జీపులో నాలుగు గంటలు తిరిగితే ఎర్రటి ఇసుక, నిటారు కొండలు, రాళ్ల మీద పాత చెక్కుడు బొమ్మలు చూస్తారు. జీపు వెనక భాగం ఓపెన్‌గా ఉంటుంది, పెద్దవాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టండి. రాత్రి క్యాంపులో జర్బ్ అని వండుతారు. మాంసం, బంగాళాదుంపలు, క్యారెట్లు మూడంతస్తుల ఇనుప జాలీలో పేర్చి, నిప్పులున్న గోతిలోకి దించి, పైన దుప్పటి కప్పి ఇసుక పోసేస్తారు. రెండు మూడు గంటల తర్వాత ఇసుక తోసి మూత తీస్తే ఆవిరితో పాటు వచ్చే వాసనకు క్యాంపులో వాళ్లంతా చుట్టూ చేరతారు. అమావాస్య దగ్గరి రాత్రులైతే నక్షత్రాలు చూడ్డానికి రెండు కళ్లు చాలవు, తేదీలు ఖాయం చేసేముందు క్యాలెండర్ చూడండి. అయితే గుడారంలో హీటరు రాత్రంతా నడుస్తుందా, జనరేటరు ఆపేస్తారా, బాత్రూమ్ లోపలే ఉందా, ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి. సరైన జవాబు రాకపోతే జర్బ్ తిని గంట ప్రయాణంలో అకాబా వెళ్లి పడుకోండి, పోయేదేమీ లేదు. గొర్రెచర్మం లోపల కుట్టిన ఫర్వా అనే పొడవాటి అంగీ బెదూయిన్లు వేసుకుంటారు, క్యాంపులో అడిగితే కప్పుకోవడానికి ఇస్తారు. నాన్నగారు ఇన్సులిన్ వాడుతుంటే ఆ రాత్రి పెన్ను సంచిలో వదిలేయకూడదు. గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనిచేయదు. ఒంటి వెచ్చదనం తగిలేలా లోపలి జేబులో ఉంచుకోవాలి.

షుగర్ గురించే ఇంకోటి. ఎక్కడికెళ్లినా టీ ఇస్తారు, కాదంటే నొచ్చుకుంటారు, అందులో చక్కెర పాకంలా ఉంటుంది. "బిదూన్ సుక్కర్" అంటే చక్కెర లేకుండా అని, నాన్నగారికి ఈ రెండు మాటలు నేర్పండి. అక్కడ చలికాలం సేజ్ ఆకు వేసి కాస్తారు, చక్కెర లేకపోయినా బాగుంటుంది. తిండికి ఇబ్బంది లేదు. ఎర్ర కందిపప్పు (మసూర్) సూపు ప్రతి హోటల్లో ఉంటుంది, నిమ్మకాయ పిండుకుని వేడివేడిగా తాగితే మన పప్పుచారు మీద బెంగ తీరిపోతుంది. అన్నంలో పప్పు కలిపి వండే ముజద్దరా, శనగ వడల్లాంటి ఫలాఫెల్, చిక్కుడు గింజల ఫూల్ ఉంటాయి. ఆవకాయ చిన్న సీసా పట్టుకెళ్లండి.

బట్టలు: థర్మల్స్ రెండేసి జతలు, పైన ఉన్ని స్వెటర్, దానిపైన గాలీ వానా ఆపే జాకెట్, ఉన్ని సాక్సులు, పట్టు ఉన్న బూట్లు. చెప్పులతో పెట్రా పనికాదు. చవక హోటళ్లలో హీటింగ్ సాయంత్రం కొన్ని గంటలే వేస్తారు, బుక్ చేసేటప్పుడే అడగండి. ఇళ్లలో, చిన్న హోటళ్లలో సోబా అనే గ్యాస్ లేదా కిరోసిన్ హీటరు పెడతారు, దాన్ని వెలిగించి కిటికీలన్నీ మూసి పడుకోవద్దు.

డబ్బు విషయానికొస్తే, దినార్ ఖరీదైన కరెన్సీ, ఒక దినార్ అంటే డాలరు 40 సెంట్లు. ఇక్కడి నుంచే ఆన్‌లైన్లో జోర్డాన్ పాస్ కొనండి. 70 నుంచి 80 దినార్లు ఉంటుంది, పెట్రాతో పాటు చాలా చోట్ల టికెట్ అందులోనే కలిసి ఉంటుంది. కనీసం మూడు రాత్రులు ఉంటే 40 దినార్ల వీసా ఫీజు కూడా మాఫీ. పెట్రా ఒక్కదానికే ఒక్కరోజు టికెట్ 50 దినార్లు కాబట్టి లాభమే. బాప్తిస్మ స్థలం మాత్రం అందులో రాదు, విడిగా కట్టాలి.

ఆ ప్రాంతపు పరిస్థితుల గురించి ఇంట్లో టెన్షన్ పడటం సహజం. 2024 ఏప్రిల్‌లో, 2025 జూన్‌లో జోర్డాన్ గగనతలాన్ని కొన్ని గంటలు మూసేశారు. అందుకే తేదీ మార్చుకునే వీలున్న టికెట్, అలాంటి రద్దులకు వర్తించే ఇన్సూరెన్స్ తీసుకోండి. బయల్దేరే ముందు అమ్మాన్‌లోని మన రాయబార కార్యాలయం సూచనలు చూడండి. ఇదే ప్రయాణంలో యొర్దాను మీది సరిహద్దు వంతెన దాటి యెరూషలేము కూడా చూసొద్దామని ఎవరైనా అంటే ఈసారికి ఆగమంటాను. ఆ వంతెన వేళలు ఏ రోజుకారోజు మారిపోతాయి, క్యూలో గంటలు నిలబడాలి, ఎనిమిది రోజుల్లో పెద్దవాళ్లతో అది మోయలేని పని. ప్రయాణం ఫిబ్రవరికి జరిగితే రంజాన్ ఎప్పుడో చూసుకోండి. 2027లో అది ఫిబ్రవరి రెండో వారంలో మొదలవుతుంది, పగలు చాలా భోజన హోటళ్లు మూసి ఉంటాయి, షుగర్ ఉన్న మనిషికి వేళకు తిండి దొరకాలి కదా.

మీ విమానం అమ్మాన్‌లో ఏ వేళకు దిగుతుందో రాయండి. తెల్లవారుజామున దిగేటట్టయితే మాదబా హోటలుకు ముందు రాత్రి నుంచే గది తీసుకోవాల్సి ఉంటుంది, ఆ చలిలో అమ్మానాన్నలను మధ్యాహ్నం చెక్ఇన్ దాకా లాబీలో కూర్చోబెట్టొద్దు. ఆ వేళ తెలిస్తే రోజువారీగా ఏది ముందు, ఏది వెనక అన్నది రాసి పెడతాను.